గదిలోని విమానము

పటాన్‌చెరువు నుండి ఈశాన్యముగా చూచినచో, ఆకాశము నిర్మలముగా ఉన్న ఉదయములందు చిన్న చిన్న విమానములు చుట్లు తిరుగుచు కనబడును. అవి దుండిగల్లులోని వైమానిక దళ అకాడమీవారి శిక్షణ విమానములు. 1971 నుండి అచ్చట యువకులు విమానము నడపుట నేర్చుకొనుచున్నారు. రాత్రి షిఫ్టు ముగించుకొని, కర్మాగారపు గేటు దాటి, ఇస్నాపూరు చౌరస్తాలో చాయ త్రాగుచు ఆ విమానములను మేము ఎన్నో ఏండ్లు చూచితిమి. చూచుటయే గాని, లోపల కూర్చున్నవాడు ఏమి చేయుచుండునో ఏనాడును ఆలోచింపలేదు.

అట్టి మేము విమానము నడపుట నేర్చుకొంటిమని చెప్పినచో శ్రోతలు నవ్వుదురేమో. నిజమునకు మేము నేల విడువలేదు. ఒక చిన్న గదిలో, కంప్యూటరు ముందు కుర్చీలు వేసికొని, నూట ఎనుబది మంది ప్రయాణికులు కూర్చుండదగిన పెద్ద విమానమును తెరమీద నడపుట నేర్చుకొంటిమి. లోకము దీనిని ఆట యనును. మేమును ఆట యనియే మొదలుపెట్టితిమి. కాని ఈ ఆటవలన మా వృత్తిని గూర్చి సిగ్గుపడదగిన సంగతి యొకటి మాకు తెలియవచ్చినది. ఈనాటి ప్రసంగము ఆ సంగతి కొఱకే.

మేము ముగ్గురము. ఇద్దరము ఈ పారిశ్రామికవాడలో ఔషధములు తయారుచేయు ఒక కర్మాగారమున ఇరువది ఏండ్లుగా రియాక్టర్లయొద్ద పనిచేయు ఆపరేటర్లము. మూడవవారు రామచంద్రాపురములో ఎలక్ట్రికల్ ఫోర్‌మనుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్న పెద్దలు. వారిని మేము ఫోర్‌మను గారనియే పిలుచుదుము. మాకొక గురువు కూడ ఉన్నాడు. మాలో ఒకరి మేనల్లుడు, ఇంజనీరింగు చదువుచున్న కుఱ్ఱవాడు. కంప్యూటరు అతనిది, గది మాది. 2021 వానకాలములో ఈ విద్యాభ్యాసము ప్రారంభమైనది.

నేలమీద కూర్చుండి ఎగురుట నేర్చుకొనుట క్రొత్త సంగతి కాదు. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రమందలి బింగ్‌హాంటన్ అను ఊరిలో ఎడ్విన్ లింక్ అను నతడు 1929లో ఇట్టి యంత్రమును నిర్మించెను. అతని తండ్రికి పియానోలు, ఆర్గనులు చేయు కర్మాగారముండెను. ఆర్గనులో గాలి నింపు తిత్తులనే తీసికొని, ఒక చిన్న పెట్టెవంటి విమానము క్రింద అమర్చి, లోపలివాడు మీట త్రిప్పినప్పుడు పెట్టె ఆ ప్రక్కకు ఒరుగునట్లు లింక్ చేసెను. మొదట పెక్కుమంది దానిని లక్ష్యపెట్టలేదు. ఎక్కువగా వినోదముగానే అది చెల్లినది. 1934లో అమెరికా సైన్యమునకు విమానములలో తపాలా మోయు బాధ్యత వచ్చిపడెను. మంచులోను, మబ్బులోను పరికరములను చూచి నడపు అలవాటు చాలక కొన్ని వారములలోనే పలువురు వైమానికులు మరణించిరి. అప్పుడు సైన్యమువారు లింక్ యొద్ద ఆరు యంత్రములను కొనిరి. వినోదవస్తువు విద్యాలయమైనది. మనుష్యుడు చావకుండ తప్పు చేయుటకు ఒక చోటు దొరకినది.

ఈ విద్య ఇంటి కంప్యూటరునకు వచ్చుట తరువాతి కథ. బ్రూస్ ఆర్ట్‌విక్ అను ఇంజనీరు రచించిన ఫ్లయిట్ సిమ్యులేటరు 1980 ప్రాంతమున ఆపిల్ కంప్యూటర్ల మీద వెలువడెను. 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థవారు దానిని ఐ.బి.ఎం. కంప్యూటరుకు తెచ్చిరి. నాడు తెరమీద కొన్ని గీతలు మాత్రమే కనబడెడివి. 2020 ఆగస్టులో వెలువడిన కూర్పులో ఉపగ్రహ చిత్రముల సహాయముతో భూమండలమంతయు కనబడుచున్నది.

మొదటి సాయంకాలము మేము ఎక్కడికిని పోలేదు. రెండు సీట్ల చిన్న విమానములో మా ఊరిపైననే తిరిగితిమి. అరువదియైదవ నంబరు జాతీయ రహదారి, భెల్ కాలనీ, 1972లో నెలకొల్పబడిన ఇక్రిశాట్ వారి విశాలమైన పరిశోధన క్షేత్రము, దాని ఆవల పాశమైలారపు షెడ్లు, అన్నియు క్రిందుగా సాగిపోయెను. మా కర్మాగారమేదో గుర్తింపవలెనని ఎంతయో ప్రయత్నించితిమి. కుదరలేదు. పైనుండి అన్నియు ఒకే విధమైన రేకుల కప్పులు. లోపల ఎవరున్నారో, ఏమి చేయుచున్నారో ఆకాశమునకు తెలియదు.

కొన్ని వారములకు చిన్న విమానము విసుగు పుట్టెను. ఫోర్‌మను గారు, "పెద్దది తీయరాదోయ్" అనిరి. సిమ్యులేటరుతో పాటు ఎయిర్‌బస్ ఏ-320 జాతి విమానమొకటి వచ్చియే యుండెను. దానిని ఎక్కితిమి. అది సులభముగానే లేచెను. కాని ఫోర్‌మను గారికి తృప్తి కలుగలేదు. తలపైనున్న బోర్డుమీది మీటలను వారు ఒక్కొక్కటిగా నొక్కి చూచిరి. వానిలో చాలవరకు ఉలుకు పలుకు లేనివి. "ఇది బొమ్మ. తీగె లేని స్విచ్చులు" అని వారు కుర్చీ వెనుకకు జరిపిరి.

అప్పుడు మేనల్లుడు మాకు వేఱొక విమానమును తెచ్చి అమర్చెను. ప్రపంచమందలి ఔత్సాహికులు కొందరు ఫ్లై బై వైర్ అను పేరుతో 2020లో కూడి, అదే ఏ-320 విమానమును మెరుగుపరచుచు, ఎవ్వరు కావలసినను ఉచితముగా వాడుకొనునట్లు ఇచ్చుచున్నారు. ఇట్టివానిని యాడ్-ఆన్ విమానములందురు. అనగా సిమ్యులేటరుకు విడిగా చేర్చుకొనునవి. కొన్ని సంస్థలు ఇంకను సూక్ష్మముగా చేసినవానిని వెలకు అమ్ముచున్నవి. వీని గొప్పతనము రంగులో లేదు. విమానము లోపలి విద్యుత్తు, ఇంధనము, గాలి, నూనె పీడనము, ఇవన్నియు నిజమైన విమానమునందు ఒకదానిపై నొకటి ఎట్లు ఆధారపడునో ఇందును అట్లే ఆధారపడును. మీట నొక్కినచో దానివెనుక ఏదియో ఒకటి నిజముగా జరుగును. నొక్కకున్నచో జరుగదు. ఈ రెండవదియే మాకు గురువైనది.

ఈ విమానములో మొదట కూర్చున్నప్పుడు అంతయు చీకటి. తెరలు నల్లగా ఉన్నవి. ఒక్క దీపము వెలుగలేదు. ఇంజనులను తిప్పుటకు మాకు తొమ్మిది సాయంకాలములు పట్టెను. మొదట బ్యాటరీల వోల్టేజి చూడవలెను. అది ఇరువదియైదున్నర వోల్టులకు మించి ఉండవలెను. ఆ అంకె చూడగనే ఫోర్‌మను గారి ముఖము వికసించెను. బ్యాటరీ తరువాత బయటి విద్యుత్తు గాని, తోకలోనున్న ఏ.పి.యు. అను చిన్న యంత్రముగాని అందుకొనవలెను. విమానము తానెక్కడ నున్నదో తెలిసికొనుటకు మూడు పరికరములు కొన్ని నిమిషముల పాటు కదలక స్థిరపడవలెను. ఎక్కడినుండి ఎక్కడికి, ఏ దారిని, ఎంత ఎత్తున, ఎంత బరువుతో పోవుచున్నామో చిన్న తెరమీద వ్రాసి చెప్పవలెను.

ఇవన్నియు చేసి ఒకనాడు ఇంజను మీట తిప్పితిమి. కదలలేదు. మరల తిప్పితిమి. కదలలేదు. ఇంధనము ఉన్నది, విద్యుత్తు ఉన్నది. అర్ధరాత్రి వరకు తల పట్టుకొని కూర్చుంటిమి. చివరకు తెలిసినదేమనగా, ఇంజనును మొదట త్రిప్పునది ఏ.పి.యు. నుండి వచ్చు గాలి. ఆ గాలిని విడుచు బొత్తాము మేము నొక్కలేదు. మేము ఆపరేటర్లము సిగ్గుపడితిమి. ఏలననగా మా కర్మాగారములోను ఇదియే న్యాయము. కంప్రెసరు గాలి లేకున్నచో కంట్రోలు రూములో ఎన్ని సార్లు నొక్కినను ఆవల కంట్రోలు వాల్వు తెరచుకొనదు. ఇరువది ఏండ్లుగా తెలిసిన సంగతి, వేఱొక వేషములో వచ్చినప్పుడు గుర్తింపలేకపోతిమి.

రెండు నెలలు గడచునప్పటికి మాకు వరుస కంఠస్థమైనది. చేయి తానే పోయి మీటలను వెదకికొనుచుండెను. మాకు గర్వము కూడ కలిగెను. ఒకనాడు శంషాబాదు విమానాశ్రయమునందు ఇంజనులు తిప్పి, రన్‌వే మీదికి వచ్చి, బలము పెంచగా, గంట మ్రోగి ఎఱ్ఱని హెచ్చరిక వెలసెను. రెక్కల ఫ్లాపులు దింపలేదు. మేనల్లుడు వెనుకనుండి, "మామా, చదవకుండనే ఒత్తుకుంట పోయిన్రు గద!" అనెను. మాలో ఒకరు కోపముతో, "అన్నీ నోటికే వచ్చురా" అనిరి. అతడు నవ్వి, "నోటికొచ్చినోడే మరుస్తడు మామా. రానోడు చూసుకుంట చేస్తడు" అనెను.

ఆ మాట మాకు నచ్చలేదు. కాని దాని వెనుక పెద్ద చరిత్ర ఉన్నదని తరువాత తెలిసినది. 1935 అక్టోబరు 30న అమెరికాలో డేటన్ నగరముచెంతనున్న రైట్ ఫీల్డునందు బోయింగ్ సంస్థవారి నాలుగు ఇంజనుల క్రొత్త విమానమును సైన్యమువారు పరీక్షించుచుండిరి. అది పైకి లేచి, నిట్టనిలువుగా ముక్కెత్తి, నిలుపు తప్పి కూలిపోయెను. ఇద్దరు మరణించిరి. యంత్రములో దోషము లేదు. నిలిపియున్నప్పుడు గాలికి తోక రెక్కలు కదలకుండ వేయు తాళమును తీయుట మరచిరి. నడపినవారు క్రొత్తవారు కారు, ఆరితేరినవారే. ఈ విమానము ఒక మనిషి తలలో పట్టదని కొందరనిరి. అప్పుడు వైమానికులు విమానమును మార్చలేదు. ఒక కాగితముమీద చేయవలసిన పనులను వరుసగా వ్రాసికొనిరి. చెక్‌లిస్టు అట్లు స్థిరపడినది. ఆ విమానమే తరువాత బి-17 అను పేరున వేలకొలదిగా తయారైనది.

చెక్‌లిస్టును గూర్చి మేము పొరబడిన విషయ మొకటి ఉన్నది. అది తెలియనివానికి నేర్పు పాఠము అనుకొంటిమి. అట్లు కాదు. పెద్ద విమానమునందు మొదట చేయి తన అలవాటు చొప్పున పని చేసికొనిపోవును. తరువాత కాగితము వచ్చి, చేసితివా యని అడుగును. ఒకరు చదువుదురు. రెండవవారు ఆ మీటను కన్నులతో చూచి, ఉన్న స్థితిని చెప్పుదురు. చేసితిమని చెప్పరు, ఉన్నది ఏమో చెప్పుదురు. ఈ రెంటికి భేదము చాల ఉన్నది. మొదటిది జ్ఞాపకము, రెండవది సాక్ష్యము.

ఇక దిగుట. ఎక్కుటకన్న దిగుట కష్టమని అందరును చెప్పిరి. మా కష్టము మేమనుకొన్న చోట లేదు. ఈ విమానములో వేగమునకు, ఎత్తునకు, దిక్కునకు వేఱువేఱు గుండీలు ఉన్నవి. గుండీని లోపలికి నెట్టినచో ఆ పని కంప్యూటరుకు అప్పగించినట్లు. బయటికి లాగినచో మనము చెప్పిన అంకెను పాటింపుమని ఆజ్ఞాపించినట్లు. ఏ పని ఎవరి చేతిలో నున్నదో ముందరి తెర పైభాగమున చిన్న అక్షరములలో వ్రాసి యుండును. ఆ అక్షరములను మేము అలంకారముగా చూచుచుంటిమి.

ఒక సాయంకాలము శంషాబాదుకు దిగుచుంటిమి. ఎత్తు గుండీని లాగి క్రిందికి దిగుమంటిమి. ఈ స్థితిలో ఇంజనులు కనిష్ఠ బలమునకు తగ్గిపోవును. వేగమును కాపాడు భారము విమానపు ముక్కు మీద పడును. ముక్కు క్రిందికి వంచినంతకాలము వేగము నిలుచును. మేము స్వయముగా నడపవలెనను ముచ్చటతో ఆటో పైలట్టును తీసివేసి, దిగుట ఎక్కువగుచున్నదని ముక్కు పైకి లాగి పట్టితిమి. వేగమును యంత్రము చూచుకొనునని మేము తలచితిమి. మేము ముక్కు వంచుదుమని యంత్రము తలచినది. ఇద్దరును చూడలేదు. నూట ముప్పదియైదు నాట్లు ఉండవలసిన వేగము తగ్గుచు తగ్గుచు నూట పదునైదుకు వచ్చెను. చివరకు విమానము తానే అపాయము గ్రహించి ఇంజనులకు పూర్తి బలము నిచ్చెను. కాని కనిష్ఠ స్థితిలోనున్న ఇంజను బలము పుంజుకొనుటకు కొన్ని సెకండ్లు కావలెను. ఆ సెకండ్లు మాకు మిగులలేదు. రన్‌వేకు ఇవతలనే నేల తగిలెను. తెర నల్లబడెను.

మేము నవ్వితిమి. ఫోర్‌మను గారు నవ్వలేదు. "ఇదే బెంగుళూరుల అయ్యింది" అని వారు మెల్లగా అనిరి. 1990 ఫిబ్రవరి 14న ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి ఏ-320 విమానము బొంబాయి నుండి బెంగుళూరు వచ్చుచు రన్‌వేకు ఇవతల గోల్ఫు మైదానములో నేల తాకి దగ్ధమైనది. అందున్న నూట నలువది యారుగురిలో తొంబది యిద్దరు మరణించిరి. విమానము క్రొత్తది. ఆకాశము నిర్మలముగా ఉండెను. చివరి నిమిషములలో ఇంజనులు కనిష్ఠ బలములో నిలిచిపోవుట, వేగము తగ్గుట సకాలములో గమనింపబడకపోవుట దర్యాప్తులో తేలినవి. మేము ఆ నివేదికను వెదకి చదివితిమి. ఆ రాత్రి మరల విమానము ఎక్కలేదు.

పోయినవారిని తప్పుపట్టుటకు ఈ మాట చెప్పుట లేదు. వారి చేతిలో మా వలె మరల మొదలుపెట్టు బొత్తాము లేదు. మేము చెప్పదలచినది మా సంగతి.

అది 2022 చలికాలము. మాలో ఒకరు రాత్రి షిఫ్టులో ఉండిరి. రియాక్టరులోనికి టోలుయీను ఎక్కింపవలసిన సమయము. టోలుయీను మంటకు మిక్కిలి లొంగు ద్రవము. గొట్టములో వేగముగా పారునప్పుడు దానిలో స్థావర విద్యుత్తు ప్రోగగును. అందుచేత మొదట ఎర్తు క్లిప్పు తగిలింపవలెను. తరువాత రియాక్టరులోని గాలిని నైట్రోజనుతో వెడలగొట్టవలెను. ఆపైననే ద్రవము. ఇవి బ్యాచి షీటులో వరుసగా వ్రాసియున్నవి. ప్రతి పంక్తికి ఎదుట కాలమును, సంతకమును వేయవలెను. మేము ఇరువది ఏండ్లుగా ఆ పని చేయుచున్నాము కనుక, ఆ షీటు మాకు కంఠస్థము. కావున షిఫ్టు మొదటనే తీరికగా కూర్చుండి పంక్తులన్నిటికి ఒక్కసారే సంతకములు చేయుట అలవాటైనది. ఆ రాత్రియు అట్లే చేసితిమి.

పంపు నడచుటకు సిద్ధముగా ఉన్నది. మావాని చేయి వాల్వు మీద ఉన్నది. ప్రక్కన నెల దినముల క్రిందట ఒడిశా నుండి వచ్చి చేరిన కుఱ్ఱవాడు నిలిచి ఉండెను. అతనికి పని రాదు. రాదు గనుక షీటు చేతపట్టుకొని, వ్రేలితో పంక్తి పంక్తి చూచుకొనుచుండెను. అతడు భయపడుచు హిందీలో, "సార్, నైట్రోజన్ ఖోలా క్యా?" అని అడిగెను. మావాడు విసుగుతో తల త్రిప్పి చూచెను. నైట్రోజను వాల్వు మూసి ఉన్నది. దాని ఎదుట షీటులో సంతకము మాత్రము ఉన్నది.

వాల్వు తెరచిరి. వేచియుండిరి. తరువాత పని యథావిధిగా జరిగెను. ఏ ప్రమాదమును జరుగలేదు. ఎవ్వరికిని తెలియలేదు. ఆ షీటును నేడు ఎవరైన తీసి చూచినచో అందులో లోపము కనబడదు.

మరునాటి సాయంకాలము ఆ సంగతి గదిలో చెప్పుకొంటిమి. చాలసేపు ఎవ్వరును మాటాడలేదు. ఫ్లాపులు మరచినప్పుడు మేనల్లుడనిన మాటయు, ఒడిశా బాలుని ప్రశ్నయు ఒకటేనని మాకు తోచినది. గదిలోను, కర్మాగారములోను తప్పు చేసినది ఒకే చేయి. గదిలో దానికి గంట మ్రోగినది, ఎఱ్ఱ దీపము వెలిగినది, విమానము కూలినది. కర్మాగారములో ఏ గంటయు మ్రోగలేదు. గది మాకు తప్పును చూపినది. కర్మాగారము ఇన్నాళ్లు మా తప్పును క్షమించుచు వచ్చినది. ఎన్ని రాత్రులు క్షమించినదో మాకు తెలియదు.

అటుపిమ్మట మా విద్యాభ్యాసము మారిపోయినది. చెక్‌లిస్టు ముద్రించి గోడకు వ్రేలాడదీసితిమి. ఒకరు చదువుట, ఒకరు చూచి చెప్పుట. ఎవ్వరికి ఎంత వచ్చినను ఒక్క పంక్తి దాటరాదని నియమము. దిగునప్పుడు తెర పైభాగమునందలి అక్షరములు మారినప్పుడెల్ల వానిని బిగ్గరగా చదువవలెను. వేగము ఎవరి చేతిలో నున్నది? ఎత్తు ఎవరి చేతిలో నున్నది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేనిదే ఎవ్వరును మీట ముట్టరాదు.

2023 వేసవిలో ఒక ఆదివారమునాడు శంషాబాదు నుండి గన్నవరమునకు బయలుదేరితిమి. మబ్బులు దాటి, నల్లగొండ మీదుగా సాగి, కృష్ణను చూచుచు దిగితిమి. నేల దగ్గరపడినప్పుడు ఈ విమానము తానే, "రిటార్డ్, రిటార్డ్" అని పలుకును. ఇంజనుల బలమును పూర్తిగా తగ్గింపుమని దాని అర్థము. తగ్గించితిమి. చక్రములు మెత్తగా తాకినవి. ముగ్గురము చిన్నపిల్లలవలె చప్పట్లు కొట్టితిమి. మేనల్లుడు మమ్ము పరీక్షింపదలచి, "ఇప్పుడైతే వచ్చింది గద. ఇంక కాయితమెందుకు?" అనెను. ఫోర్‌మను గారు కండ్లజోడు సవరించుకొని, "వచ్చింది గనుకనే" అని, ఇంజనులు ఆపు చెక్‌లిస్టు చేతికి తీసికొనిరి.

కర్మాగారములో ఈ మార్పు ఇంత సులభముగా రాలేదు. ఇద్దరు కలిసి షీటు చదువుటకు కాలము పట్టునని మా షిఫ్టు ఇన్‌చార్జి గారు సందేహించిరి. మేము గడియారము పెట్టి చూచితిమి. ఒక బ్యాచికి నాలుగు నిమిషములు ఎక్కువైనది. వారు మరి అడ్డు చెప్పలేదు. రెండవ చిక్కు భాషది. మా షిఫ్టులో తెలుగువారు, ఒడిశావారు, బీహారువారు, ఉత్తరప్రదేశమువారు ఉన్నారు. షీటు ఇంగ్లీషులో ఉండెను. చదువువానికి అక్షరము తెలియును, అర్థము తెలియదు. అట్టి చదువు మంత్రమగును గాని సాక్ష్యము కాదు. అందుచేత ముఖ్యమైన పంక్తులను పెద్ద అక్షరములతో తెలుగులోను, హిందీలోను వ్రాసి వాల్వులచెంత కట్టితిమి. ఒడియాలో ఆ బాలుడే వ్రాసెను. అతని అక్షరములు మా అందరి అక్షరములకన్న గుండ్రముగా ఉన్నవి.

ఇంతమాత్రముచేత సిమ్యులేటరు సమస్తము నేర్పునని మేము అనుట లేదు. మేము వైమానికులము కాము. మా గదిలో గాలికుదుపు లేదు, చెవులలో పీడనము లేదు, వెనుక కూర్చున్న తల్లులు, బిడ్డలు లేరు. అన్నిటికన్న ముఖ్యముగా, భయము లేదు. నిజమైన వైమానికులు శిక్షణ పొందు సిమ్యులేటరు ఇనుప కాళ్లమీద కదలాడు పెద్ద యంత్రము. వారు దానిలో పరీక్షకు నిలిచి, మరల మరల ఆ పరీక్ష ఇచ్చుచునే ఉందురు. ఇది మాకు అన్నిటికన్న ఆశ్చర్యము కలిగించిన సంగతి. వేల గంటలు ఎగిరినవాడును, నీకు వచ్చునా యని అడుగబడును. అడుగుటను అతడు అవమానముగా భావింపడు. మా వాడలో ఇరువది ఏండ్ల ఆపరేటరును అట్లు అడిగినవారు ఎవ్వరు? నెల దినముల బాలుడొకడు అడిగెను. అదియు భయపడుచు అడిగెను.

2025 జూన్ 30న పాశమైలారపు పారిశ్రామికవాడలోని ఒక ఔషధ కర్మాగారమున గొప్ప విస్ఫోటము జరిగినది. నలువది మందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో అనేకులు దూర రాష్ట్రములనుండి పొట్టకూటికై వచ్చినవారు. అది మా కర్మాగారము కాదు. దాని కారణములను గూర్చి పలుకుటకు మేము అర్హులము కాము. మేము చెప్పిన తప్పులతో దానిని ముడిపెట్టుట లేదు. కాని ఆనాటి రాత్రి డ్యూటీకి పోవలసినవారము మేమును గలము. దారిపొడుగున అంబులెన్సుల చప్పుడు వినుచు పోయితిమి. రియాక్టరు చెంత నిలిచి షీటు చదువునప్పుడు ఆ రాత్రి ఎవ్వరి గొంతును పైకి రాలేదు. అయినను ఒక్క పంక్తి దాటలేదు. ఒడిశా బాలుడు, ఇప్పుడు పని వచ్చినవాడు, ప్రతి వాల్వు మీద చేయి వేసి, కన్నులతో చూచి, ఉన్నది ఉన్నట్లు చెప్పెను.

శ్రోతలలో ఆపరేటర్లు ఉందురు, డ్రైవర్లు ఉందురు, నర్సులు ఉందురు, వంటశాలలో గ్యాసు పొయ్యి ముట్టించు గృహిణులు ఉందురు. ప్రతివారికిని కంఠస్థమైన పని ఒకటి ఉండును. ఆ పనిలోనే ఒకసారి ఆగి, చేసితిని అనుకొనుటకు మారుగా, ఉన్నదా యని చూచుట మంచిది. అడిగినవాడు చిన్నవాడైనచో వానిని కసరకుండుట మరియు మంచిది.

ఈనాటికిని షిఫ్టు ముగించుకొని చౌరస్తాలో చాయ త్రాగునప్పుడు దుండిగల్లు వైపు చూచుదుము. ఉదయపు ఎండలో ఆ చిన్న విమానములు అట్లే తిరుగుచుండును. లోపల కూర్చున్న ఆ బాలుడు ఏమి చేయుచుండునో మాకిప్పుడు కొంత తెలియును. అతడు చదువుచుండును. తోడివాడు వినుచుండును.